మారుతాళం కథ

మా బాబాయి జన్మలో పేకముక్క ముట్టుకుని ఎరగడు. పెళ్ళిళ్ళలో అందరూ దుప్పటి పరిచి రమ్మీ వేస్తుంటే, వంటవాళ్ళ దగ్గర కూర్చుని కబుర్లు చెప్పే రకం. అలాంటి మనిషి అరవై ఆరో ఏట రోజూ క్లబ్బుకెళ్ళి డబ్బులు పెట్టి ఆడుతున్నాడని పిన్ని ఫోన్లో ఏడుస్తూ చెబితే నేను నమ్మలేదు. "ఈ వయసులో ఈయనకిదేం బుద్ధిరా?" అంది.

అప్పటికి బాబాయికి పార్కిన్సన్స్ వచ్చి నాలుగేళ్ళు. డాక్టరు కొత్త మాత్ర మొదలుపెట్టి ఎనిమిది నెలలు. ఆ మాత్రకీ పేకాటకీ సంబంధం ఉండొచ్చని మాలో ఒక్కరికీ తట్టలేదు, ముందుగా చెప్పినవాళ్ళూ లేరు. ఆ రాత్రి ఇక్కడ న్యూజెర్సీలో కూర్చుని మాత్ర పేరు పట్టుకుని చదవడం మొదలుపెడితే, పెద్ద చరిత్రే బయటపడింది.

ఈ వణుకు జబ్బు గురించి లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లోనే ఆరుగురు రోగుల్ని చూసి ఓ చిన్న పుస్తకం రాశాడు. అసలు లోపం ఎక్కడుందో తెలియడానికి ఇంకో 140 ఏళ్ళు పట్టింది. 1957లో స్వీడన్‌లో అర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకి రిసెర్పిన్ ఇచ్చాడు. మన సర్పగంధి వేరు నుంచి తీసిన మందే అది. కుందేళ్ళు కదలకుండా పడిపోయాయి. లెవోడోపా ఎక్కిస్తే లేచి తిరిగాయి. 1960లో వియన్నాలో ఎరింగర్, హోర్నికీవిచ్ చనిపోయిన రోగుల మెదళ్ళు పరీక్షించి, డోపమిన్ బాగా తగ్గిపోయిందని చూపించారు. 1967లో న్యూయార్క్‌లో కోట్జియాస్ లెవోడోపా మోతాదు మెల్లగా పెంచుతూ ఇచ్చి మంచి ఫలితాలు సాధించాడు. అన్నట్టు, ఈ లెవోడోపాని మన దూలగొండి గింజల్లోంచి 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి వేరుచేశారు!

లెవోడోపా ముడిసరుకు. మెదడు దాన్ని డోపమిన్‌గా మార్చుకోవాలి. కొన్నేళ్ళు వాడాక మందు ప్రభావం రెండు మోతాదుల మధ్యే తగ్గిపోవడం, ఒళ్ళు దానంతటదే మెలికలు తిరగడం లాంటి ఇబ్బందులు మొదలవుతాయి. అందుకని వేరే దారి వెతికారు. డోపమిన్ ఒక తాళంచెవి అనుకుంటే, అదే తాళాన్ని తెరిచే మారుతాళంచెవి తయారుచేయడం. డోపమిన్ అగొనిస్ట్ అంటే అదే.

మొదటి మారుతాళం అపోమార్ఫిన్. 1869లో మార్ఫిన్‌ని ఆమ్లంతో వేడిచేసి తయారుచేసిన ఈ మందుని వాంతి చేయించడానికి వాడేవారు. 1951లో అమెరికాలో రాబర్ట్ ష్వాబ్ దీన్ని పార్కిన్సన్స్ రోగులకిస్తే వణుకూ బిగుతూ తగ్గాయి, వాంతులు మాత్రం తప్పలేదు. 1974లో బ్రిటన్‌లో డొనాల్డ్ కాల్న్ బృందం బ్రోమోక్రిప్టిన్ ప్రయత్నించింది. ధాన్యానికి పట్టే ఎర్గాట్ బూజు నుంచి వచ్చిన మందు అది. అదే జాతిదైన పెర్గొలైడ్ గుండె కవాటాల్ని పాడుచేస్తోందని తేలడంతో 2007లో అమెరికా మార్కెట్లోంచి తీసేశారు. ఎర్గాట్‌తో సంబంధంలేని ప్రామిపెక్సోల్, రోపినిరోల్ అమెరికాలో 1997లో అనుమతి పొందాయి. బాబాయి వేసుకున్నది ప్రామిపెక్సోల్.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, డోపమిన్ పని కాళ్ళూ చేతులూ కదిలించడం ఒక్కటే కాదు. ఆశ పుట్టించేదీ, ఇంకోసారి అనిపించేదీ కూడా అదే. మారుతాళం మన కోసం వంటింటి తలుపు ఒక్కటే తెరిచి ఊరుకోదు కదా! 2005లో మేయో క్లినిక్ వైద్యులు ఇలాంటి మందులు వాడుతూ జూదంలో పడ్డ 11 మంది గురించి రాశారు. 2010లో 3,090 మంది రోగులతో చేసిన అధ్యయనంలో జూదం, అతిగా కొనడం, అతిగా తినడం, అదుపులేని కామం లాంటివి అగొనిస్ట్ వాడేవారిలో 17.1 శాతం మందికీ, వాడనివారిలో 6.9 శాతం మందికీ కనిపించాయి.

అలాగని మందుని తిట్టలేను. చొక్కా గుండీలు మళ్ళీ తనంతట తను పెట్టుకున్నది ఆ మాత్రతోనే. హఠాత్తుగా మానేయడమూ ప్రమాదమే. డాక్టరుకి విషయం చెబితే మెల్లగా మోతాదు తగ్గించి, లెవోడోపా సర్దారు. కొన్ని వారాల్లో క్లబ్బు మాటే మర్చిపోయాడు.

పోయిన డబ్బు పోయింది. ఇదంతా విడమరిచి చెప్పాక బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ముక్కలు వేసింది నా చెయ్యే కదరా" అన్నాడు. పక్కనుంచి పిన్ని ఫోన్ లాక్కుని, "ఈ మాట ముందే తెలిస్తే నేనన్ని మాటలు అనేదాన్ని కాదు" అంది.

మీ ఇంట్లో ఎవరైనా ఈ మందు వాడుతుంటే, వాళ్ళు కొత్తగా ఏం చేస్తున్నారో ఓ కంట కనిపెట్టండి. తిట్టే ముందు డాక్టరుకి ఫోన్ చేయండి.