లియో కంప్యూటర్: వ్యాపార సమాచార వ్యవస్థల విశ్లేషణ, రూపకల్పన

లియో అంటే లయన్స్ ఎలక్ట్రానిక్ ఆఫీస్. ఇంగ్లండులో టీ దుకాణాలు, బేకరీలు నడిపిన జె. లయన్స్ అండ్ కంపెనీ తన కార్యాలయ పని కోసం సొంతంగా తయారు చేయించుకున్న కంప్యూటర్ ఇది. రోజువారీ వ్యాపార లెక్కలను క్రమం తప్పకుండా నడిపిన మొదటి కంప్యూటర్‌గా దీన్ని ఎక్కువమంది ఒప్పుకుంటారు. అయితే యంత్రాల చరిత్రలో కన్నా వ్యవస్థల విశ్లేషణ చరిత్రలోనే దీని స్థానం పెద్దదనాలి. లయన్స్‌లో ముందు పనిని చదివారు, యంత్రం ఆ తర్వాత వచ్చింది.

టీ, రొట్టె, కేకు అమ్మే వ్యాపారంలో ఒక్కో అమ్మకం మీద మిగిలేది చాలా తక్కువ. దాన్ని లెక్క రాసే ఖర్చు పెరిగితే ఆ కాస్తా హరించుకుపోతుంది. 1923లో సంస్థలో చేరిన గణిత పట్టభద్రుడు జాన్ సిమన్స్ ఈ సంగతిని గట్టిగా పట్టుకున్నాడు. 1930ల మొదట్లో ఏర్పడిన సిస్టమ్స్ రీసెర్చ్ ఆఫీసు పని ఏమిటంటే, ఒక కాగితం ఎందుకు పుట్టింది, ఎవరి చేతికి వెళ్తోంది, చదివినవాడు దానితో ఏ నిర్ణయం తీసుకుంటున్నాడు అని ఆరా తీయడం. ఆర్డరు ఒకచోట, బిల్లు మరోచోట, బాకీ ఇంకోచోట చూసే పద్ధతి పోయి, ఫలానా సేల్స్‌మన్ ఖాతాదారుల లెక్కంతా ఒకే గుమస్తా బాధ్యత కావడం ఈ ఆలోచన నుంచే వచ్చింది.

1947లో ఈ సంస్థ ఉద్యోగులు ఆలివర్ స్టాండింగ్‌ఫోర్డ్, రేమండ్ థాంప్సన్ అక్కడి కార్యాలయ పద్ధతులు చూడడానికి అమెరికా వెళ్లారు. ఇంగ్లండులోనే, కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ ఎడ్సాక్ అనే కంప్యూటర్‌ను కడుతున్నాడని ప్రిన్స్‌టన్‌లో హెర్మన్ గోల్డ్‌స్టైన్ చెబితే వారికి తెలిసింది. లయన్స్ ఆ పనికి 3,000 పౌండ్లు (2,500 అన్నవారూ ఉన్నారు), ఒక సాంకేతిక సహాయకుడిని ఇచ్చింది. 1949 మేలో ఎడ్సాక్ నడిచాక, దాని నమూనాలోనే లండన్ క్యాడ్‌బీ హాల్‌లో జాన్ పింకర్టన్ నాయకత్వంలో లియో నిర్మాణం సాగింది. ప్రోగ్రాములు, పని విశ్లేషణ డేవిడ్ కామినర్ చేతిలో ఉండేవి. ప్రపంచపు తొలి సిస్టమ్స్ అనలిస్ట్ అని తర్వాతివారు అతన్నే అన్నారు. అలాంటి బిరుదును నిరూపించడం కష్టమే, పైగా సిమన్స్ కార్యాలయం వేసిన పునాదిని మరిచిపోకూడదు.

మొదట యంత్రానికి అప్పగించింది బేకరీ ఉత్పత్తి విలువ కట్టే పని. జీతాల పనిని ముందుగా ఎత్తుకోలేదు, ఎందుకంటే దానికి లోపలికి ఎక్కించాల్సిన సమాచారమూ, బయటికి అచ్చు వేయాల్సిన కాగితాలూ ఎక్కువ. అంత భారం మోసే పరికరాలు అప్పటికి సిద్ధం కాలేదు. ప్రారంభ తేదీని 1951 సెప్టెంబరు 5 అని కొందరు, నవంబరు 17 అని కొందరు, నవంబరు 29 లేదా 30 అని మరికొందరు రాశారు. మొదటిదాన్ని తొలి ప్రయత్నంగా తీసుకుని, పని రోజువారీ బాధ్యతగా యంత్రానికి మారిన నవంబరు చివరి తేదీనే ప్రారంభంగా భావించడం సబబు. యంత్రం ఒకసారి నడిచిందా అన్నది ఇంజనీరుకు ముఖ్యం. వ్యాపారానికి ముఖ్యమైంది గుమస్తా ఆ లెక్కను చేత్తో చేయడం ఎప్పుడు మానాడన్నదే.

జీతాల లెక్క 1954 ఫిబ్రవరిలో యంత్రానికి మారింది. అనుభవమున్న గుమస్తాకు ఒక ఉద్యోగి జీతం కట్టడానికి సుమారు 8 నిమిషాలు పడితే, లియోకు ఒకటిన్నర సెకను పట్టిందని తరచు ఉదహరిస్తారు. వేగం కన్నా మెచ్చుకోదగింది జాగ్రత్త. చేతి లెక్కనూ యంత్రపు లెక్కనూ చాలాకాలం పక్కపక్కన నడిపి, మొత్తాలు సరిపోయాకే పాత పద్ధతి వదిలారు.

రూపకల్పనకు చక్కని ఉదాహరణ టీ దుకాణాల ఆర్డర్లు. దుకాణాన్ని చూసుకునే మహిళా మేనేజరు రేపటికి కావలసిన ప్రతి వస్తువునూ ఫారం మీద రోజూ రాసి పంపేది. దాన్ని అలాగే కార్డుల మీదికి ఎక్కించి ఉంటే గుమస్తాల శ్రమ చేయి మారేది, అంతే. విశ్లేషణలో తేలిందేమంటే, ఆమె రాసేదాంట్లో చాలా భాగం గతవారం అదేరోజు రాసిందే. కాబట్టి వారంలో ఒక్కో రోజుకు ఒక స్థిరమైన ఆర్డరు ముందే యంత్రం దగ్గర ఉంచి, మార్పులు మాత్రమే అడిగారు. రోజూ నిర్ణీత సమయానికి కేంద్రం నుంచి ఫోన్ వచ్చేది. ఆమె తేడాలు చెబుతుంటే వింటున్న ఆపరేటరు అప్పటికప్పుడే కార్డు పంచ్ చేసేది. మధ్యలో ఫారం లేదు, తిరిగి రాసే పని లేదు. సరుకు కట్టే జాబితాలు లియో అచ్చు వేసి ఇచ్చేది. ఏ సమాచారం మారుతుందో, ఏది మారదో విడదీయడం ఈనాటి డేటాబేస్ రూపకర్తలకు పాఠ్యపుస్తకంలో మొదటి పాఠం. ఇక్కడ అది దుకాణం నడిపే మనిషి రోజును గమనించడంలోంచి పుట్టింది.

లియో–2, లియో–3 యంత్రాలు ఇతర సంస్థలకూ అమ్ముడయ్యాయి. 1963లో కంప్యూటర్ విభాగం ఇంగ్లిష్ ఎలక్ట్రిక్‌తో కలిసింది, 1968 నాటికి ఐసీఎల్ అనే కంప్యూటర్ సంస్థలో భాగమైంది. మొదటి యంత్రాన్ని 1965లో ఆపేశారు. 1952లో లియోలో చేరిన ఫ్రాంక్ లాండ్ 1967లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు వెళ్లి, వ్యవస్థల విశ్లేషణను విశ్వవిద్యాలయ పాఠంగా తీర్చిదిద్దాడు.