ఆ పైసలు ఎవలయి?

2000 సెప్టెంబర్ 29 రాత్రి టీవీ వార్తల్లో పి.వి. నరసింహారావును కోర్టు దోషిగా తేల్చిందని చెప్పినప్పుడు సిద్దిపేటలో మా ఇంట్లో అందరం అన్నాల దగ్గర ఉన్నాం. నాకప్పుడు పదకొండేళ్లు. మా నాయనమ్మ పుట్టిల్లు హుస్నాబాద్ అవతల, వంగరకు దగ్గరి పల్లె. అందుకని పి.వి. మా ఇంట్లో ఊరి మనిషే. తాత కంచం ముందు నుంచి లేచిపోయాడు. "మనోణ్ని ఒంటరి జేసి కొట్టిన్రు" అన్నాడు. పొద్దున వచ్చిన పక్కింటివాళ్లదీ అదే మాట. నాయనమ్మ ఒక్కతే ఎంగిలి కంచాలు తీస్తూ "గాని ఆ పైసలు ఎవలయి?" అని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు. ఆమె కూడా మళ్లీ అడగలేదు.

ఎన్నికైన నాయకుల మీద డబ్బు కేసులు వచ్చినప్పుడల్లా మన సమాజం ఏమనుకుంటుందో ఆలోచిస్తే నాకు ఆ రాత్రే గుర్తొస్తుంది. తాత మాట ప్రజాభిప్రాయం అయింది. నాయనమ్మ ప్రశ్న వంటింట్లోనే ఉండిపోయింది.

ఆ కేసు సంగతి క్లుప్తంగా చెప్తాను. 1993 జూలై 28న పి.వి. ప్రభుత్వం లోక్‌సభలో అవిశ్వాస తీర్మానం నుంచి 265-251 ఓట్లతో బయటపడింది. ఆ ఓట్ల కోసం జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలకు, మరికొందరికి డబ్బు ముట్టిందని ఆరోపణ. 2000లో ప్రత్యేక కోర్టు పి.వి.కి, బూటాసింగ్‌కు మూడేళ్ల జైలుశిక్ష వేసింది. నేరారోపణలో శిక్షపడిన మొదటి మాజీ ప్రధాని ఆయనే. 2002 మార్చిలో ఢిల్లీ హైకోర్టు, అప్రూవర్ సాక్ష్యం నమ్మదగింది కాదని, ఇద్దరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. లఖుభాయ్ పాఠక్ అనే పచ్చళ్ల వ్యాపారి పెట్టిన లక్ష డాలర్ల మోసం కేసు కూడా 2003 డిసెంబర్‌లో కొట్టుడుపోయింది. మరుసటి ఏడాది డిసెంబర్‌లో ఆయన పోయారు.

కాబట్టి ఆయన దోషి అని నేనిక్కడ చెప్పడం లేదు. నేను అడిగేది మన గురించి. తీర్పు ఏది వచ్చినా మన అభిప్రాయం మారలేదు ఎందుకని? 1991 నంద్యాల ఉపఎన్నికలో తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం పోటీ పెట్టలేదు. ఆయన 5 లక్షల 80 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. 1993లో హర్షద్ మెహతా కోటి రూపాయలు ఇచ్చానని విలేకరుల ముందు ప్రకటించాడు. 1996లో కాంగ్రెస్ దేశమంతటా ఓడినా, పి.వి. నంద్యాలలోనూ ఒడిశాలోని బరంపురంలోనూ గెలిచారు. ఆరోపణ నిజమా అబద్ధమా అని తేల్చుకుని వేసిన ఓట్లు కావవి. మనవాడు అనే మాట మీద పడ్డ ఓట్లు.

తర్వాతా అంతే. 2012 మే 27న జగన్‌మోహన్‌రెడ్డిని సి.బి.ఐ. అరెస్టు చేసింది. మూడు వారాలు తిరగకముందే ఆయన పార్టీ ఉపఎన్నికల్లో 18 అసెంబ్లీ స్థానాలకు 15 గెలిచింది. 2023 సెప్టెంబర్‌లో చంద్రబాబునాయుడు అరెస్టయ్యారు, 2024లో అధికారంలోకి వచ్చారు. అరెస్టు శిక్ష కాదన్నది నిజమే. ఆ కేసుల్లో నిజానిజాలు తేల్చడం నా పనీ కాదు. కానీ రెండుసార్లూ జనంలోకి వచ్చింది ఇంటి ఆడవాళ్లే. అప్పుడు తల్లి విజయమ్మ, తర్వాత భార్య భువనేశ్వరి. జైల్లో ఉన్న మగవాడి మీది జాలిని ఊరూరా మోసింది స్త్రీలు. అదే కేసు ఒక స్త్రీ మీదే వస్తే ఆమె జాలిని ఎవరు మోస్తారు?

ఈ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు మా చిన్నమ్మ.

పి.వి. ప్రభుత్వం అవిశ్వాసాన్ని గట్టెక్కిన 1993లోనే, అంతకు మూడు నెలల ముందు, ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. పంచాయతీల్లో మూడోవంతు స్థానాలు స్త్రీలవయ్యాయి. ఆ రిజర్వేషన్‌లోనే 2006లో చిన్నమ్మ సర్పంచ్ అయింది. ఊళ్లో అందరూ సర్పంచ్ సాబ్ అని పిలిచింది చిన్నాయనను. తీర్మానాల పుస్తకం, చెక్కుబుక్కు ఆయన దగ్గరే ఉండేవి. చిన్నమ్మ పొయ్యి దగ్గర నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి చూపించినచోట సంతకం పెట్టేది. ఒక బాట మీద మొరం పోయకుండానే పోసినట్టు బిల్లు ఎత్తారని విచారణ జరిగింది. రికవరీ నోటీసు వచ్చింది ఆమె పేరు మీద. సంతకం ఆమెది కదా. 84 వేల రూపాయలు కట్టడానికి ఆమె పుస్తెలతాడు అమ్ముకుంది. మొరం టిప్పర్లు నడిపిన వాళ్లెవరికీ ఏ నోటీసూ రాలేదు.

ఊళ్లో ఒక్కరు కూడా "మనామెను ఒంటరి జేసిన్రు" అనలేదు. "ఆడోల్లకు రాజ్యమిస్తే గిట్లనే ఉంటది" అన్నారు. తాత కూడా అన్నాడు. అప్పుడు డిగ్రీ చదువుతున్న నేను, ఆమె మా చిన్నమ్మ అని కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. ఆ ప్రజాభిప్రాయంలో నా వంతు కూడా ఉందని ఒప్పుకోవడానికే ఈ వ్యాసం.

సాహిత్యంలో పరిశోధన చేసేటప్పుడు పి.వి. అనువాదాలు చదివాను. వేయిపడగలు హిందీలో సహస్రఫణ్ అయిన సంగతి అందరికీ తెలుసు. మరాఠీ నుంచి ఆయన తెలుగు చేసిన హరినారాయణ ఆప్టే నవల 'అబల జీవితం'ను ఇప్పుడు తక్కువమంది తలుచుకుంటారు. పంతొమ్మిదో శతాబ్దం చివర, ఒక వితంతువు తన బతుకును తానే చెప్పుకున్నట్టు రాసిన నవల అది. దాని మరాఠీ పేరుకు అర్థం 'కానీ ఎవరు పట్టించుకుంటారు?' అని. అనువాదకుడి భాష గురించి పేజీలకు పేజీలు నోట్సు రాసుకున్నాను. ఆ ప్రశ్న మా చిన్నమ్మకూ వర్తిస్తుందని మాత్రం నాకు తట్టలేదు.

చట్టం కూడా కింద ఒకలా, పైన ఒకలా పట్టించుకుంది. 1998లో సుప్రీంకోర్టు, పి.వి. పేరుతోనే ఉన్న కేసులో, లంచం తీసుకుని సభలో ఓటు వేసిన ఎంపీలను ప్రాసిక్యూట్ చేయడం కుదరదని 3-2 మెజారిటీతో చెప్పింది. తీసుకున్నవాళ్లకు రాజ్యాంగ రక్షణ దొరికింది. ఇచ్చారన్న వాళ్ల మీది కేసు సాక్ష్యం నిలవక పోయింది. నాయనమ్మ ప్రశ్న ఏ కోర్టులోనూ జవాబు లేకుండా మిగిలింది. సర్పంచ్‌కు అటువంటి రక్షణ ఏనాడూ లేదు. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం కలెక్టరే ఆమెను సస్పెండ్ చేయవచ్చు, తొలగించవచ్చు.

ఆ 1998 తీర్పును 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేసింది. ఆ కేసు సీతా సోరెన్‌ది. రాజ్యసభ ఎన్నికల్లో లంచం తీసుకున్నారన్న ఆరోపణ ఎదుర్కొన్న ఎమ్మెల్యే ఆమె. 1993 కేసులోని ఎంపీల్లో ఒకరైన శిబూ సోరెన్ కోడలు. మామకు దక్కిన రక్షణ కోడలి దగ్గర ఆగిపోయింది. అది పోవడం మంచిదే, ఎవరి కేసులో పోయినా. అదే నెల 30న పి.వి.కి భారతరత్న అందించారు. మా వైపు ఎంతో సంబరపడ్డారు, నేనూ సంతోషించాను. ఆయన పేరుతో ఉన్న తీర్పు చెల్లకుండా పోయిందన్న మాట మాత్రం అక్కడ ఎవరి నోటా వినలేదు.

ఆ ఏడాదే నవంబర్‌లో, పనులు ఆలస్యమయ్యాయని పదవి నుంచి తీసేసిన ఛత్తీస్‌గఢ్ సర్పంచ్ ఒకామెను సుప్రీంకోర్టు తిరిగి కూర్చోబెట్టి, ఆమెను వేధించినందుకు లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. ఆ వార్త చదివి నేను చిన్నమ్మ దగ్గరికి వెళ్లాను. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి, ఏం జరిగిందో చెప్పమని అడిగాను.

ఆమె లోపలికి వెళ్లి బీరువాలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో 84 వేలు కట్టిన రసీదు ఉంది. మడతల దగ్గర చినిగితే టేపు వేసి అతికించింది.

"ఎవలన్న అడిగితె చూపియ్యాలని దాసిన బిడ్డా. ఎవలు అడగలె" అంది.