పన్నెండు నిమిషాలు వెనక నడిచే పొద్దు

గోదావరిఖనిలో పొద్దును చూసి టైం చెప్పేవాళ్లు తక్కువ. ఇక్కడ సైరన్ కూసిందే వేళ. బొగ్గు బాయి దిగినవాళ్లకైతే పొద్దూ లేదు, నీడా లేదు. ఉన్నదల్లా టోపీ లైటు వెలుగు. బయట ఉన్నవాళ్లు కూడా ఒక సంగతి గమనించరు. చేతి గడియారం పన్నెండు కొట్టేసరికి మన పొద్దు సాధారణంగా నడినెత్తికి రాదు. సగటున మరో పన్నెండు నిమిషాలు పడుతుంది.

భారత కాలమానానికి కొలత 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. గోదావరిఖని దానికి మూడు డిగ్రీలు పడమర. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన పన్నెండు. ఆ రేఖను దాదాపు ఆనుకునే అన్నవరం ఉంది. రత్నగిరి మీద సత్యనారాయణస్వామి గుడి దగ్గరి నీడ గడియారానికి ఈ సవరణ అర నిమిషం కూడా అక్కర్లేదు. దేశమంతా అన్నవరం పొద్దును నమ్ముకుందంటే పెద్ద అతిశయోక్తి కాదు!

అలాగని అక్కడి నీడ, గడియారం రోజూ కలవవు. భూమి కక్ష్య సరిగ్గా గుండ్రం కాదు, ఇరుసూ వాలి ఉంది. అందుకే ఫిబ్రవరి మధ్యలో నీడ 14 నిమిషాలు వెనకబడుతుంది, నవంబర్ మొదట్లో 16 నిమిషాలు ముందుంటుంది. ఆ లెక్కన గోదావరిఖనిలో నడిమధ్యాహ్నం ఫిబ్రవరిలో 12:26కు, నవంబర్‌లో 11:56కే.

హైదరాబాద్ మక్కా మసీదు ఆవరణలోనూ నీడ గడియారం ఉంది. 1617లో మొదలైన ఆ కట్టడం 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయింది. పొద్దు నడినెత్తిన ఉండగా నమాజు చేయరు; అది వాలి నీడ తూర్పుకు తిరిగాకే జుహర్ నమాజు వేళ. అసర్‌ నమాజు వేళకూ నీడ పొడవే కొలత.

ఒకప్పుడు ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదే. అలాగైతే రైళ్లు నడవవు. 1906లో దేశానికి ఒకే కాలమానం వచ్చింది. అప్పటికే ఇల్లెందులో 1889 నుంచి బొగ్గు తవ్వుతున్నారు. ఊళ్ల సొంత పొద్దును చెరిపేసిన రైళ్లకు బొగ్గే తిండి!

గోదావరిఖనిలో నీడ గడియారం కావాలంటే ఓ కర్ర పాతి చూడండి. మే నెల నడుమ ఒక రోజు, 12:08 ప్రాంతంలో, దాని నీడ మొదట్లోకి ముడుచుకుపోతుంది. జూలై చివర్లో, మరికాస్త ఆలస్యంగా, మళ్లీ అంతే, మబ్బులు అడ్డం రాకుంటే. ఆ వేళకు ఫస్ట్ షిఫ్టు వాళ్లింకా భూమి లోపలే ఉంటారు.