రెండు ఉప్పెనలు

తిరువూరు సముద్రమునకు సుమారు నూరు కిలోమీటర్ల దూరమున నున్న మెట్టసీమ. ఇచ్చటివారికి సముద్రమనగా కార్తికపూర్ణిమనాడు స్నానమునకై మంగినపూడికి బోయినప్పుడు కనబడునది. అయినను 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన ఎన్.టి.ఆర్. జిల్లా యేర్పడువరకు తిరువూరును దివిసీమయు కృష్ణాజిల్లాలోనివే. రెండింటికిని బందరే ముఖ్యపట్టణము. ఇన్నాళ్లు ఒక జిల్లావారమై యుండియు మనలో పెక్కురకు బందరు ఉప్పెన యొక పాతమాటగా మాత్రమే తెలియును.

1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము బందరుపై బడెను. నీరు పోటుమట్టమునకుపైన పదుమూడడుగులు లేచెననియు, 780 చదరపు మైళ్ల నేల మునిగెననియు, కొన్నిచోట్ల పదునేడు మైళ్లవరకు ఉప్పునీరు చొచ్చుకొనివచ్చెననియు 1883లో జిల్లా చరిత్రము వ్రాసిన గార్డన్ మెకంజీ తెలిపియున్నాడు. మృతులు ముప్పదివేలు. ఇది యొక్కొక్కరిని ఎంచిన లెక్కగాదు, అంచనా మాత్రమే. ఊళ్లకూళ్లు పోయినచోట ఎంచువారెవరు? కూలివాని పేరుగాని, పల్లెవాని పేరుగాని, వారి యాడువారి పేరుగాని యే పుస్తకమునను లేదు.

ఆ యేడే అక్టోబరు 5వ తేదీన కలకత్తాను మరియొక తుపాను ముంచెను. నెల తిరుగకముందే రెండు రేవులు నాశనమగుటచే దొరతనమువారికి మెలకువ వచ్చెను. 1865లో కలకత్తారేవునకు తుపాను హెచ్చరిక లేర్పడెను; 1875లో వాతావరణశాఖ స్థాపింపబడెను. అంతకు పూర్వమే, 1848లో, హెన్రీ పిడ్డింగ్టన్ అనునతడు ఈ సుడిగాలులకు ‘సైక్లోన్’ అని పేరుపెట్టెను. అతడు పరిశీలించిన తుపానులలో మన కోరంగిని పాడుచేసినవియు గలవు. మన తీరము లోకమునకు శాస్త్రపదార్థమైనది గాని, తీరమువారికి మాత్రము ఆ శాస్త్రము చాలకాలము చేరలేదు.

ఇచ్చట గాలివానకును ఉప్పెనకును గల భేదమును చెప్పవలెను. గాలి యిండ్లకప్పులను లేపును, చెట్లను కూల్చును. కాని వేలకొలది జనులను చంపునది నీరు. మన యర్ధగోళమున తుపాను గాలి గడియారపు ముల్లునకు ఎదురుగా తిరుగును. తూర్పుతీరమునకు వచ్చు తుపాను దాటుచోటికి కుడివైపున, అనగా ఉత్తరపు ప్రక్కన, గాలి సముద్రమును నేలమీదికి త్రోయును. తీరమువద్ద సముద్రము లోతు తక్కువయైనచో త్రోయబడిన నీరు పోవుటకు చోటులేక పైకి లేచును. కృష్ణ తెచ్చిన మట్టిచే నేర్పడిన ఆ పల్లపునేలలో దాని నాపు మెరక యేదియు లేదు.

బందరు ఉప్పెనకు 113 సంవత్సరములు నిండి పదునెనిమిది దినములు గడచిన పిమ్మట, 1977 నవంబరు 19వ తేదీన, చీరాల, నిజాంపట్నము ప్రాంతమున తుపాను తీరము దాటెను. దివిసీమ దానికి కుడిప్రక్కన నుండెను. సుమారు అయిదు మీటర్ల యెత్తున నీరు వచ్చి సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలగు గ్రామములను తుడిచివైచెను. అధికారుల లెక్కప్రకారమే మృతులు పదివేలమంది. అంతకంటె నెక్కువయని చెప్పువారును గలరు. ఈ తడవ వాతావరణశాఖ లేకపోలేదు, హెచ్చరికలును రాకపోలేదు. కాని తుపాను వచ్చునని విన్న పెక్కురు గాలివానకు చేయవలసినదే చేసిరి; తలుపులు బిగించుకొని యింటనే యుండిరి. ఉప్పెనకు చేయవలసినది దానికి విరుద్ధము, అనగా ఇల్లు విడిచి మెరకకు పోవుట. కాపురము పాకలోనైనచో, మెరక పది మైళ్ల దూరమున నున్నచో, కోతకు వచ్చిన వరి కన్నులయెదుట నున్నచో, వానాకాశమును చూచి యెవడు లేచిపోవును? ఆ మృతులను అజ్ఞానులని నిందించుట సుఖముగా మిద్దెలో గూర్చున్నవాని మాట.

తరువాత తీరగ్రామములలో తుపాను ఆశ్రయభవనములు లేచినవి. పెక్కుచోట్ల నవియే బడులు. 1990 మే 9వ తేదీన కృష్ణా సంగమప్రాంతముననే ప్రచండమైన తుపాను మరల వచ్చెను. ముందుగనే లక్షలాది జనులను తరలించిరి. ఆస్తినష్టము అపారమయ్యెను గాని మృతులు వేయికి లోపే. ఒరిస్సాలో 1999లో పదివేలమంది చనిపోగా, 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు పదిలక్షలమందికి మించి తరలింపబడి, మృతులు యాబదికి లోపైరి. తుపాను బలము తగ్గలేదు, మనుష్యుల నడవడి మారినది.

ఈ మార్పు గృహమునందు ఎంతవరకు చొచ్చినదో విచారింపవలసియున్నది. 1991 ఏప్రిలు 29వ తేదీ తుపానులో బంగ్లాదేశమున లక్షకు మించి జనులు మడిసిరి. పిమ్మట విచారించినవారికి యౌవనవతులగు స్త్రీలు పురుషులకంటె అనేకరెట్లు ఎక్కువగా చనిపోయినట్లు తేలెను. భర్త రానిదే గడప దాటరాదని కొందరు, పరపురుషుల నడుమ ఆశ్రయగృహమున నుండుటకు సిగ్గుపడి కొందరు, చంటిబిడ్డలను వదలలేక కొందరు నిలిచిపోయిరి. ఇది పరదేశపు ముచ్చటయని త్రోసివేయరాదు. ఇల్లు కాచుకొనియుండుమని భార్యతో చెప్పి పోవు మగవాడు మన యూళ్లలో లేడా? ఆశ్రయభవనమున ఆడువారికి వేరుగది, మరుగుదొడ్డి, తాళముచెవి చేతనుంచుకొను ఆడుమనిషి కావలెనని గ్రామసభలో నడుగువారెందరు? ఆ భవనపు మెట్లు పల్లెవారికిని పేటవారికిని సమానముగా తెరచియుండునా?

మెట్టవారమగు మనకు ఉప్పెన రాదు, నిజమే. కాని తీరము దాటిన మేఘము మన కొండలమీదనే కురియును. 2024 సెప్టెంబరు 1వ తేదీ తెల్లవారుజామున కళింగపట్నమువద్ద తీరము చేరినది తుపాను సైతము గాదు, వాయుగుండము. దాని వానకు బుడమేరు పొంగి బెజవాడలోని సింగునగరును రోజులతరబడి ముంచెను. ఆ యేరు పుట్టినది తిరువూరు బాటమీది మైలవరపు కొండలలోనే. మనచెంతనున్న కట్లేరును పొంగుచునే యుండును. వంతెనమీద నీరు పారుచుండగా బండి తోలుకొనిపోవువారిని ప్రతి సంవత్సరము చూచుచునే యున్నాము.

నేడు హెచ్చరిక చరవాణిలో గట్టిగా మ్రోగును. అనేక గృహములలో నది యజమాని జేబులో పొలమునకో సంతకో పోయియుండును; ఇంట ముసలితల్లియు, కోడలును, పిల్లలును మిగులుదురు.