నీటికంటె ముందు వార్త

గోదావరి త్ర్యంబకమున జన్మించి 1,465 కిలోమీటర్లు ప్రవహించి సముద్రమున కలియుచున్నను, ఆంధ్రదేశమును ముంచు దాని మహావరదలకు ముఖ్యకారణము జన్మస్థానమున కురియు వానకంటె, నడుమ వచ్చి కలియు ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నదుల పరీవాహక ప్రాంతమునందలి అరణ్యములలో కురియు వానయే. అందుచేత కోనసీమలో ఎండ కాయుచుండగనే లంకలు మునుగుట కలదు. తలపై మేఘమును చూచి జాగ్రత్తపడుట కలవాటుపడిన మానవునికి ఈ విపత్తు దూరమునుండి వచ్చు వార్తవలననే తెలియవలెను.

పూర్వము ఆ వార్తను నదియే తెచ్చెడిది. నీరు ఎర్రబారుట, నురుగుతో చెట్లమొదళ్లు కొట్టుకొనివచ్చుట, పడవవారు సరకు గట్టుకు చేర్చుట — ఇవియే ఒడ్డున నున్నవారికి సూచనలు. ఈ జ్ఞానము అల్పమైనది కాదు. అయినను అది నీటితోడనే వచ్చునుగాని నీటికి ముందుగా రాదు. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణమున 1852 నాటికి ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిదప, కాలువల నిమిత్తమై నీటిమట్టమును అనుదినము కొలిచి వ్రాసికొనుట ఆవశ్యకమయ్యెను. తంతి వచ్చిన పిమ్మట ఎగువవార్త ప్రవాహమును దాటి ముందుగా పోవుటయు సాధ్యమయ్యెను. వానను గమనించుటకు 1875లో వాతావరణశాఖ ఏర్పడెను. 1908 సెప్టెంబరులో మూసీనది హైదరాబాదును ముంచి వేలకొలది ప్రాణములను బలిగొన్న పిదప, ఇంజనీరు విశ్వేశ్వరయ్య సూచనలననుసరించి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములు వెలసినవి. ఆ యుగము వరదను గోడలతో ఆపవలెనని తలపోసెను; ముందుగా చెప్పవలెనను తలపు శాస్త్రరూపము దాల్చుటకు మరి యర్ధశతాబ్ది పట్టెను. 1958లో ఢిల్లీయొద్ద యమునపై మనదేశమున వరద అంచనాలు శాస్త్రీయముగా ఆరంభమై, క్రమముగా ఇతర నదులకు వ్యాపించినవి.

గోదావరిపై ఆ శాస్త్రము తుదకు కొన్ని అంకెలుగా ప్రజలకు చేరినది. భద్రాచలమున 43 అడుగులు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 రెండవది, 53 మూడవది. ధవళేశ్వరమున 11.75, 13.75, 17.75 అడుగులు. భద్రాచలమును దాటిన నీరు ధవళేశ్వరము చేరుటకు సుమారొక దినము పట్టును గనుక, ఆ దినమే లంకవాసికి లభించు అవధి: పశువులను మెరకకు తోలుకొనుటకు, ధాన్యమును అటుకపై నెక్కించుటకు, పిల్లలను వృద్ధులను గట్టుకు చేర్చుటకు. ఆ యవధిని తుదిగంటవరకు జాగుచేయువాడు చీకటిలో పడవకొరకు వెదకవలసివచ్చును, లేదా మోకాలిలోతే గదా యని ప్రవాహమున దిగి పట్టుతప్పును. అమావాస్యా పౌర్ణమినాళ్ళ సముద్రపు పోటు వరదకు తోడైనచో నీరు తీయుటయు ఆలస్యమగును.

అయితే అంకె మాత్రమే హెచ్చరిక కాదు. అది తన గడపకు ఎంత దూరమో గ్రామస్థుడు లెక్కగట్టుకొన్నప్పుడే హెచ్చరిక యగును. ఈ లెక్కకు ఆతని పుస్తకము జ్ఞాపకము. 1953 నాటి మహావరదలో ఏ యింట ఏ మెట్టువరకు నీరు వచ్చెనో పెద్దలకు కంఠస్థమై యుండెను. 1986 ఆగస్టున భద్రాచలమున నీటిమట్టము 75.6 అడుగులకు లేచి, ధవళేశ్వరమున సుమారు 35 లక్షల క్యూసెక్కులు ప్రవహించి, గట్లు తెగి, ఊళ్ళకు ఊళ్ళే మునిగినప్పుడు, ఎరిగిన మెట్టు దాటదను నమ్మకమునకు ఆధారమే లేకపోయెను. నా మట్టుకు ఆ వరద నేర్పినది గట్టు ఎత్తు పెంచుటకంటె గట్టుపై కావలి యుంచుట. ఎలుకబొక్కలోనో పాతతూము ప్రక్కనో నీరూట కనబడినప్పుడు ఇసుకబస్తాలతో కూడినవారు ఉన్నచోట గండి పడక నిలుచుట కలదు. ఆ పని ఎగువవార్తను తెచ్చు వైర్‌లెస్సు చేయజాలదు.

2022 జులైలో భద్రాచలమున 71.3 అడుగులు వచ్చినప్పటికి, చేతిలోని ఫోనే టముకు అయినది. కాని అప్పటికి నది మారినది. పోలవరమున ప్రాజెక్టునకై కట్టిన కాఫర్ డ్యామ్ అడ్డుపడుటచే ఎగువనున్న దేవీపట్నము ప్రాంతపు పల్లెలలో నీరు మునుపటికంటె మెరకకు ఎగదన్నుచున్నది. ఆ పల్లెవాసికి భద్రాచలపు 43 అడుగుల అర్థము తండ్రి చెప్పినది కాదు. కనుక అధికారులు అంకెతోపాటు, అది వచ్చిన నాడు ఆతని వీధిలో నీరెక్కడ నిలుచునో కూడ కొత్తగా గీసి చూపవలసియున్నది.