గీతాకోకచిలుక

నాలుగేళ్ళ క్రితం ఒక స్నేహితురాలి కథల పుస్తకానికి ప్రూఫులు చూశాను. ప్రెస్సుకి పంపాల్సిన ముందురోజు రాత్రి తను ఫోన్ చేసి, ఒక కథలో సీత పేరు గీత అని మార్చమంది. ఆ పిల్ల నెత్తిన రామాయణం బరువు ఎందుకనిపించిందట. ఫైలు తెరిచి, ‘సీత’ బదులు ‘గీత’ అని కొట్టి, ‘అన్నిటినీ మార్చు’ నొక్కి పడుకున్నాను. పుస్తకం అచ్చయి వచ్చాక చూస్తే, కథ చివరి వాక్యంలో ఆ పిల్ల భుజం మీద గీతాకోకచిలుక వాలింది.

“నీ కంప్యూటర్‌కి సీతాకోకచిలుక కూడా తెలీదా?” అంది తను. నవ్వుతూనే అంది. కానీ మూడొందల కాపీల్లో ఆ వాక్యం అలాగే ఉండిపోయింది.

ఒకే మార్పుని చాలా చోట్ల ఒక్కసారే చెయ్యాలన్న కోరిక ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు వెతకడం మొదలుపెట్టాను.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థామ్సన్ యూనిక్స్ కోసం ‘ఈడీ’ అనే ఎడిటర్ రాశాడు. అప్పట్లో ఎదురుగా ఉండేది తెర కాదు, కాగితం మీద అచ్చుకొట్టే టెలిటైప్. ఒక్క లైను ఆజ్ఞతో ఫైలంతా మార్చెయ్యొచ్చు. ఏం మారిందో చూడాలంటే ఆ లైన్లని మళ్ళీ అచ్చువెయ్యమని మనమే అడగాలి. ఆజ్ఞ అర్థం కాకపోతే ఒక ప్రశ్నార్థకం కొట్టి ఊరుకుంటుంది. నేను నొక్కిన బటన్ ఆ వంశానిదే: చెప్పింది చేస్తుంది, చేసింది చూపించదు.

అదే ల్యాబ్స్‌లో రాబ్ పైక్ చేసిన ‘శామ్’ గురించిన వ్యాసం 1987లో వచ్చింది. ఇందులో తెర ఉంది, మౌస్ ఉంది. ఫలానా మాట దొరికిన ప్రతిచోటికీ వెళ్ళు, ఫలానా షరతు కుదిరితేనే మార్చు, లేకపోతే వదిలెయ్ అని చెప్పొచ్చు. బాగానే ఉంది. కానీ ‘సీతా’ అని దీర్ఘం ఉంటే వదిలెయ్ అన్నాననుకోండి, వాళ్ళమ్మ “సీతా, ఇటు రా” అని పిలిచిన చోట పాత పేరే మిగిలిపోతుంది. పోనీ, పూర్తి మాట అయితేనే మార్చు అందామా? ఇంగ్లీషులో ఆ ఉపాయం చాలావరకు పనిచేస్తుంది. తెలుగులో సీతకి, సీతని, సీతతో అని విభక్తులు మాటకే అతుక్కుని కూచుంటాయి. అవన్నీ తప్పించుకుంటాయి. తెలుగు ఫైలుకి ముందే నియమం రాయడం కష్టం. చూస్తూ మార్చుకోవాల్సిందే.

చూస్తూ మార్చడమనే ఆలోచన 2001లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో రాబర్ట్ మిల్లర్, బ్రాడ్ మైయర్స్ రాసిన పేపర్లో కనిపించింది. వాళ్ళ ఎడిటర్ పేరు లాపిస్. ఒకటి రెండు చోట్ల మాటని ఎంచి చూపిస్తే, అలాంటివి ఇంకెక్కడున్నాయో అదే ఊహించి ఎంచుతుంది. ఇక ఒకచోట టైపు చేస్తే అన్నిచోట్లా అదే పడుతుంది, మన కళ్ళముందే.

నన్ను ఆపేసింది మాత్రం వాళ్ళదే అదే ఏడాది వచ్చిన ఇంకో పేపరు. ఎంచిన వాటిలో మిగతావాటితో పోలని వాటిని లాపిస్ ఎత్తి చూపిస్తుంది: ఇది తేడాగా ఉంది, ఒకసారి చూసుకో అని. అంటే యంత్రానికి అనుమానించడం నేర్పారు. సీతకి, సీతని, సీతతోల గుంపులో కోకచిలుకని తగిలించుకుని నిలబడ్డ సీత ఒక్కటే. అలాంటి లెక్కకి అది చిక్కి ఉండేదేమో.

జనం చేతికి వచ్చింది ఇందులో సగమే. సిడ్నీలో జాన్ స్కిన్నర్ చేసిన సబ్లైమ్ టెక్స్ట్ మొదటి వెర్షన్ 2008లో వచ్చింది. ఒకేసారి చాలా కర్సర్లు అనేది దానితోనే ప్రోగ్రామర్లకి అలవాటైంది. 2014లో యాటమ్, 2015లో విజువల్ స్టూడియో కోడ్ కూడా అదే దారి పట్టాయి. కంట్రోల్-డి నొక్కిన కొద్దీ తర్వాతి ‘సీత’ మీద ఇంకో కర్సర్ వెలుగుతుంది. వద్దనుకున్నదాన్ని దాటెయ్యొచ్చు. కర్సర్లన్నీ ఒకే లయలో కొట్టుకుంటుంటే భలే ముచ్చటగా ఉంటుంది. ఊహించడం, అనుమానించడం మాత్రం అక్కడే ఆగిపోయాయి. అనుమానించే పని మళ్ళీ మన కళ్ళకే వచ్చింది.

ఇప్పుడు నేను ‘అన్నిటినీ మార్చు’ జోలికి పోను. కంట్రోల్-డి నొక్కుతూ ఒక్కొక్కటే చదువుకుంటూ వెళ్తాను. అరవైసార్లు నొక్కాల్సొచ్చినా సరే. ముప్ఫయ్యో దాని దగ్గర కళ్ళు అలిసిపోయి వేలు తనంతట తనే నొక్కుతుందని కూడా తెలుసు. లాపిస్ వాళ్ళు ఎందుకు భయపడ్డారో అప్పుడు అర్థమవుతుంది.

తన ప్రశ్నకి జవాబు ఇప్పుడు చెప్పగలను. తెలీదు. లాపిస్‌కీ తెలీదు, కానీ అది అడిగి ఉండేది. నా దగ్గరున్న కాపీలో ‘గీ’ని పెన్నుతో కొట్టేసి పైన ‘సీ’ రాసుకున్నాను. తన ఇంట్లో మిగిలిన పాతిక కాపీల్లోనూ ఒక మధ్యాహ్నం కూచుని దిద్దాను. మిగతావి ఎవరి దగ్గరున్నాయో.