విమానమున సాక్షి వెలసిన వృత్తాంతము

1953 మే 2వ తేదీ సాయంకాలమున కలకత్తా నగరపు డమ్‌డమ్ విమానాశ్రయమునుండి ఢిల్లీకి బయలుదేరిన కామెట్ విమానము, నేల విడిచిన ఆరు నిమిషములలోనే వేసవి గాలివానలో చిక్కి, జగల్‌గోరి యను పల్లె సమీపమున ముక్కలై కూలిపోయెను. అందున్న 43 మందిలో ఒక్కరును మిగులలేదు. ప్రయాణికులను మోసికొనిపోవు జెట్ విమానము లోకమున తొలిసారిగా క్రమబద్ధమైన రాకపోకల నారంభించినది సరిగా అంతకు సంవత్సరము పూర్వము, అదే తేదీన. ఆ ఘనత నార్జించినదియు ఈ కామెట్ జాతియే. మన దేశమున జరిగిన విచారణ తేల్చినదేమనగా, విమానము ఆకాశముననే విరిగినది; విరుగుటకు ప్రచండవాయువుల తాకిడి కారణము కావచ్చును, లేక ఆ గాలివానలో పైలట్ దానిని మితిమీరి త్రిప్పుటయైనను కారణము కావచ్చును. తన పక్షమున ఒక్క మాటయైనను చెప్పుకొనలేని మృతునిపై వ్రాలిన ఈ రెండవ సందేహమును తలచినప్పుడెల్ల మనస్సు కలుక్కుమనును. విమానములలో మాటలను, కొలతలను పదిలపరచు యంత్రమెందులకు పుట్టవలసి వచ్చెనో తెలియవలెనన్నచో ఈ సందేహమునొద్దనే మొదలిడవలెను.

కొలతలు వ్రాసికొనవలెనన్న కోరిక విమానముతోడనే పుట్టినది. 1903 డిసెంబరులో రైట్ సోదరులు ఎగురవేసిన విమానమున గాలి వేగమును కొలుచు సాధనమును, గడియారమును, ఇంజను ఎన్ని చుట్లు తిరిగెనో లెక్కించు యంత్రమును అమర్చబడియుండెను. పిమ్మటి కాలమున పైలట్ ఎదుటి పలకపై ముండ్ల సంఖ్య పెరుగుచు వచ్చినది. 1929 సెప్టెంబరు 24వ తేదీన జేమ్స్ డూలిటిల్ యను అమెరికా సైనికుడు, లాంగ్ ఐలండ్ నందలి మిచెల్ మైదానమున, తన గది పైకప్పును పూర్తిగా మూసికొని, బయటి ప్రపంచము కంటికి గానరాకుండ, స్పెర్రీ సిద్ధపరచిన, విమానపు వాలును గైరోస్కోపుతో చూపు కృత్రిమ క్షితిజమును, కోల్స్‌మన్ నిర్మించిన సూక్ష్మమైన ఆల్టిమీటరును, రేడియో సంకేతములను మాత్రమే నమ్ముకొని విమానమును లేపి, త్రిప్పి, మరల దింపెను. మేఘములలో మనుష్యుని చెవియు దేహమును చెప్పు దిశ అసత్యమనియు, గైరోస్కోపు చెప్పు దిశయే సత్యమనియు నాడు లోకమునకు తెలిసెను. అయినను ఈ సాధనములన్నియు బ్రదికియున్న పైలట్‌తో మాత్రమే మాటలాడునవి; విమానము కూలినచో అవి చెప్పినదంతయు వానితోనే నశించుచుండెను.

ఆ లోటును తీర్చుటకు 1939లో ఫ్రాన్సు దేశమున మారిన్యాన్ పరీక్షాకేంద్రమున ఫ్రాంస్వా ఉస్నో అను ఇంజనీరు ఫోటోఫిలిముపై కాంతిరేఖలతో కొలతలను గీయు యంత్రమును నిర్మించెను. అది క్రొత్త విమానములను పరీక్షించుటకు మిక్కిలి యుపకరించినదే గాని, ప్రయాణికుల విమానములలో నిత్యము తిరుగవలసిన సాధనముగ పరిణమింపలేదు.

ఆ పరిణామమునకు ఆద్యుడు డేవిడ్ వారెన్. ఆస్ట్రేలియా ఉత్తరప్రాంతపు గ్రూట్ ఐలండ్ అను దీవిలో 1925లో జన్మించిన ఇతడు క్రైస్తవ మతప్రచారకుని కుమారుడు. 1934 అక్టోబరులో ‘మిస్ హోబర్ట్’ అను విమానము బాస్ జలసంధిపై అదృశ్యమైనప్పుడు అందున్నవారిలో ఆ తండ్రి యొకడు. కుమారునికి నాటికి తొమ్మిదేండ్లు. తండ్రి కడసారి యిచ్చిన కానుక ఒక క్రిస్టల్ రేడియో యట. దానితోడి యాటలే బాలునికి శబ్దయంత్రములపై మక్కువను కలిగించినవి. ఆ విమానమునకేమైనదో చెప్పగల సాక్షి లేకపోయెను.

పెద్దవాడై వారెన్ మెల్‌బోర్న్ నగరపు ఏరోనాటికల్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో ఇంధనరసాయన శాస్త్రజ్ఞుడుగా నుండగా, కామెట్ల పతనమును గూర్చిన చర్చలలో పాల్గొనవలసినవాడయ్యెను. 1954 జనవరిలో ఎల్బా దీవి చెంత ఒకటియు, ఏప్రిలులో నేపుల్స్ సమీపమున మరియొకటియు సముద్రమున కూలినవి. బ్రిటిషు నౌకాదళము ఎల్బా దగ్గర సముద్రగర్భమునుండి శకలములను పైకి తీయగా, ఫార్న్‌బరో పరిశోధనాలయమువారు ఒక కామెట్ దేహమును నీటితొట్టిలో నుంచి మాటిమాటికి ఒత్తిడి నెక్కించి, దించి పరీక్షింపగా, లోహము అలసి చిట్లినదన్న సత్యము బయటపడుటకు నెలలు పట్టెను. చర్చలలో పండితులు ఊహపై ఊహను పేర్చుచుండ, వారెన్ మనస్సున అంతకుముందొక ప్రదర్శనలో తాను చూచిన మినిఫోన్ అను జేబురికార్డరు మెదలెను. అట్టిది కూలిన విమానములో నున్నచో, దానిని శకలములలోనుండి తీసి వినగలిగినచో, ఈ ఊహలన్నియు అనవసరము గదా యని యతడు తలపోసెను.

1954లోనే ఆయన ఈ యూహను నివేదికగా వ్రాసెను; స్పందన రాలేదు. 1957 నాటికి యంత్రమునే నిర్మించి చూపెను. అందలి నేర్పంతయు తీగలో నున్నది. మంటలకు తాళుకొను సన్నని ఉక్కుతీగపై కాక్‌పిట్‌లోని మాటలును, ఎనిమిది సాధనముల కొలతలును, క్షణమునకు నాలుగు పర్యాయముల చొప్పున అయస్కాంతముద్రలుగా పడుచుండును. యంత్రము తానుగానే పాతదానిని చెరపుచు క్రొత్తదానిని వ్రాయును. కావున కడపటి నాలుగు గంటల వృత్తాంతము ఎల్లప్పుడును నిలిచియుండును. ఎవ్వరును మీట నొక్కనక్కరలేదు, ఎవ్వరును తీగ మార్చనక్కరలేదు. ఇంత సరళమైన యుపాయము అంత గొప్ప యవసరమును తీర్చుట శాస్త్రచరిత్రలో అరుదుగా కానవచ్చును.

ఆదరణ మాత్రము కరవయ్యెను. పౌరవిమానశాఖవారు దీనివలన తక్షణ ప్రయోజనము లేదనిరి. వైమానికదళమువారు ఇందులో వివరణములకంటె తిట్లే యెక్కువ వినవచ్చుననిరి. పైలట్ల సంఘమువారు ఇది తమపై నిలిపిన గూఢచారి యని యెదిరించిరి. మొదటి రెండు జవాబులును సోమరితనమునుండి పుట్టినవని నా యభిప్రాయము; మూడవది అట్టిది కాదు. పనిచేయు గదిలో తాను పలుకు ప్రతి మాటయు, ప్రతి నిట్టూర్పును పై యధికారి చెవిని పడునన్న భయము ఏ వృత్తిలోని మనుష్యునికైనను సహజమే.

1958లో బ్రిటిషు విమాన నమోదు సంస్థ కార్యదర్శి సర్ రాబర్ట్ హార్డింగ్‌హామ్ మెల్‌బోర్న్ పరిశోధనాలయమును దర్శింపవచ్చి, ఆ యంత్రమును చూచినంతనే దాని విలువను గ్రహించి, వారెన్‌ను యంత్రసహితముగా ఇంగ్లండునకు రప్పించుకొనెను. స్వదేశమున ఎవరికి తలుపులు మూయబడెనో ఆతడు అచ్చట సగౌరవముగా ఆదరింపబడెను. డావాల్ కంపెనీవారు హక్కులు పొంది, ‘రెడ్ ఎగ్’ అను పేర ఎఱ్ఱని కోడిగ్రుడ్డు ఆకృతిలో రికార్డరును నిర్మించి విక్రయించిరి.

ఆస్ట్రేలియా కన్ను తెరచుటకు మరియొక దుర్ఘటన కావలసివచ్చెను. 1960 జూన్ 10వ తేదీ రాత్రి క్వీన్స్‌లాండ్ తీరమున మెకాయ్ చెంత ఫోకర్ విమానమొకటి సముద్రమున పడి 29 మంది మృతినొందిరి. కారణమును విచారణ తేల్చలేకపోయెను. తేల్చలేకపోవుటయే తీర్పునకు బలమై, విమానములలో రికార్డరులుండవలెనని అది సిఫారసు చేసెను. కాక్‌పిట్ సంభాషణలను పదిలపరచుటను చట్టముచే నిర్బంధించిన తొలిదేశము తుదకు ఆస్ట్రేలియాయే యయ్యెను.

మన దేశమునకును ఈ సాక్షి చేసిన యుపకారము చిన్నది కాదు. 1978 జనవరి 1వ తేదీన బొంబాయినుండి దుబాయికి లేచిన ఎయిర్ ఇండియా బోయింగ్ 747 నిమిషములలోనే 213 మందితో సముద్రమున మునిగెను. విద్రోహచర్య యన్న యనుమానము మొదట వ్యాపించినది. కాని రికార్డరులోని మాటలు, చీకటిలో కెప్టెన్ ఎదుటనున్న కృత్రిమ క్షితిజము చెడి అసత్యమును చూపెననియు, ఆయన దానినే నమ్మి విమానమును ఎడమకు వాల్చెననియు తేటపరచినవి. 1985 జూన్ 23వ తేదీన 329 మందిని బలిగొన్న ఎయిర్ ఇండియా విమానము ‘కనిష్క’ విషయమున, అట్లాంటిక్ సముద్రమున రమారమి రెండువేల మీటర్ల లోతునుండి యంత్రనౌకతో రెండు రికార్డరులను వెలికితీసిరి. రెండును ఒక్క క్షణముననే ఆగిపోయినవి. ఆ యాకస్మిక విరామమే విచారణలో ఒక ముఖ్యసాక్ష్యమయ్యెను.

ఉక్కుతీగకు మారుగా టేపును, టేపునకు మారుగా చలనములేని మెమరీ చిప్పులును వచ్చినవి. నేటి పెట్టె 1,100 డిగ్రీల మంటలో గంటసేపును, ఆరువేల మీటర్ల లోతున నెలదినములును తాళవలెనన్నది నియమము. టేపుపై అరగంట సంభాషణ నిలుచు చోట రెండు గంటలు నిలుచునట్లు చేసిరి. క్రొత్తగా తయారగు పెద్ద విమానములకు 25 గంటలు విధించిరి.

యంత్రము ఎంత పెరిగినను, పైలట్లు దానిని అంగీకరించినది మాత్రము ఒక వాగ్దానముపైననే. అంతర్జాతీయ పౌరవిమాన సంస్థవారి 13వ అనుబంధము, దుర్ఘటన విచారణకు ఏకైక లక్ష్యము మరల అట్టిది జరుగకుండ చూచుటయే గాని, నేరమును ఒకరిపై మోపుట కాదని ఘోషించుచున్నది. 2025 జూన్ 12వ తేదీన అహమ్మదాబాదులో ఎయిర్ ఇండియా విమానము కూలి 260 మంది మరణించినప్పుడు, నెలరోజులకు వెలువడిన ప్రాథమిక నివేదికలో పైలట్ల సంభాషణనుండి ఒకటి రెండు మాటల సారాంశము మాత్రమే చేర్చబడెను. అంతమాత్రమునకే దేశమంతట తీర్పులు పుట్టినవి, గతించిన పైలట్లిద్దరి కుటుంబములును ఆ తీర్పులను వినవలసివచ్చినది. డమ్‌డమ్ పైలట్‌పై సాక్షి లేనందున సందేహము వ్రాలెను. ఇచ్చట సాక్షి యుండియు, దాని మాట పూర్తిగా వినకమునుపే సందేహము వ్రాలెను. ఇది డేవిడ్ వారెన్ కోరిన ఫలము కాదు.

కావున పాఠకులకు నా విన్నపమిది. ఇకముందెన్నడైన విమానము కూలినదన్న వార్త వచ్చినప్పుడు, రికార్డరునుండి జారిపడినదని చెప్పబడు ఏ తునుక వాక్యమునుబట్టియు పైలట్‌ను నిందింపకుడు, దానిని పదిమందికి పంపకుడు. తుది నివేదిక వెలువడువరకు వేచియుండి, వెలువడినప్పుడు దానిని సంపూర్ణముగా చదువుడు.